హన్నా పెదవులు – ఏలీ తీర్పు

చదువవలసిన భాగము: 1 సమూయేలు 1:1–18

మన సంఘములలో ప్రార్థన మనవులు చెప్పుకొను వేళ ఒకరు లేచి జ్వరము సంగతి చెప్పుదురు. మరియొకరు పంట సంగతి, ఇంకొకరు కుమారుని పరీక్ష సంగతి చెప్పుదురు. కోర్టు వ్యాజ్యమును గూర్చియు, పాలు తగ్గిన గేదెను గూర్చియు మనము సిగ్గుపడక చెప్పుకొందుము. అయితే శరీర వాంఛను గూర్చిన బాధను, పడకగదిలోని బాధను కూటములో లేచి చెప్పినవారిని మనము చూడలేదు. ఆ బాధ లేక కాదు. దానిని చెప్పుకొను చోటు లేక.

అట్టి బాధ గలవారు తిన్నగా రారు. ఆరాధన ముగిసి అందరును వెళ్లువరకు వరండాలో చెప్పులు వెదకుచున్నట్టు నిలుచుందురు. “అయ్యగారూ, ఒంట్లో నలతగా ఉంటోందండీ” అని మొదలు పెట్టుదురు. లేక “నా స్నేహితుడికి ఒక చిక్కు వచ్చిందండీ” అందురు. ఆ గడియలో వినువాడు ఏమి చేయవలెను? తన విశ్వాసమును ప్రక్కన పెట్టి వినవలెనా? లేక విశ్వాసి గనుక మొదట ఖండించి, తరువాత వినవలెనా? ఈ ప్రశ్న పాస్టరుగారికి మాత్రమే గాదు. అమ్మగారికి, సంఘ పెద్దకు, ఇంటిలోని తల్లికి, మేనమామకు, బడిపంతులుకు, ఎవరి యొద్దకు ఒక మనిషి గుండె చేతబట్టుకొని వచ్చునో వారందరికిని ఇది సంబంధించినది.

ఏలీ ఎక్కడ తప్పెను?

హన్నా కథ మన బిడ్డలకు కూడ తెలిసినదే. ఆమెకు సంతానము లేదు. సవతియైన పెనిన్నా ఏటేట ఆమెను మాటలతో గుచ్చుచుండెను. భర్తయైన ఎల్కానా ప్రేమ గలవాడే గాని, తానుండగా ఆమెకు ఇంకేమి కొదువ అన్నట్టు మాటలాడెను. ఇంటిలో ఒకరు గాయపరచుచుండగా, మరియొకరు ఆ గాయమును చూడలేకపోయిరి. ఆమె బాధ శరీర సంబంధమైనది, కాపురమునకు సంబంధించినది, నలుగురిలో చెప్పరానిది. అందుచేత షిలోహులో గొంతు విప్పక, పెదవులు మాత్రము కదలించుచు దేవునితో చెప్పుకొనెను.

గుమ్మము దగ్గర కూర్చున్న యాజకుడైన ఏలీ ఆ పెదవులను చూచెను. మాట వినబడలేదు. ఈమె త్రాగి వచ్చినదని తలంచి మందలించెను.

ఇక్కడ జాగ్రత్తగా గమనింపవలసిన సంగతి ఒకటి యున్నది. దేవుని మందిరములో త్రాగి నిలుచుట తగదను ఏలీ నమ్మకము తప్పు గాదు. దానిని నేటికిని మనమందరము ఒప్పుకొందుము. అతని సిద్ధాంతము సరియైనదే. అతని యెదుట నిలిచిన మనిషిని గూర్చిన అంచనా తప్పు. సరియైన మాట, తగిలింపరాని మనిషికి తగిలినది.

అయితే ఏలీలో ఒక మంచితనము కూడ ఉన్నది. హన్నా బదులు చెప్పినప్పుడు “యాజకునికే ఎదురు చెప్పుదువా?” అని అతడు గద్దింపలేదు. ఆమె మాట విని, తన మాట మార్చుకొని, దీవించి పంపెను. పెద్దవాడు, పదవిగలవాడు, ఒక సామాన్య స్త్రీ మాటకు తన అభిప్రాయమును దిద్దుకొనెను. ఇది చిన్న సంగతి గాదు.

కాబట్టి వినుట అనగా విశ్వాసమును ప్రక్కన పెట్టుట గాదు. మన విశ్వాసము ఎవరితో, ఏ సంగతిని గూర్చి మాటలాడుచున్నదో ముందుగా తెలిసికొనుట. సంగతి వినకముందే ఉత్తరమిచ్చుట బుద్ధిహీనతయని సామెతల గ్రంథము 18వ అధ్యాయము మనకు నేర్పుచున్నది. ఇతర సంగతులకంటె శరీర వాంఛల విషయములో మనము ఈ పొరపాటు ఎక్కువగా చేయుచున్నాము. ఏలయనగా, ఆ మాట చెవిని పడగానే మనకే సిగ్గు పుట్టును. ఆ సిగ్గును పోగొట్టుకొనుటకు త్వరగా ఒక వాక్యము చెప్పి పంపివేయుదుము. అప్పుడు మనము ఉపశమింపజేసినది మన సిగ్గునే గాని వారి బాధను గాదు.

పాపము గానిదానికి పాపమని పేరు పెట్టవద్దు

పందొమ్మిదేండ్ల కుర్రవాడొకడు వచ్చెననుకొందము. వాడు చిక్కిపోయి యున్నాడు. నిద్రలో వీర్యము పోవుచున్నదనియు, తన చేతలవలన బలమంతయు హరించినదనియు, తాను పెండ్లికి పనికిరాననియు, దేవుడు తన్ను విడిచెననియు వాని భయము. బస్సుస్టాండు గోడమీది ప్రకటన చూచి ఎవరో నకిలీ వైద్యునికి కూలి డబ్బులన్నియు పోసియుండును కూడ.

ఈ భయము మన దేశములో ఎంత వ్యాపించియున్నదనగా, మానసిక వైద్యుడైన డాక్టరు ఎన్. ఎన్. విగ్ 1960లో దీనికి ధాతు అను మాటతోనే ఒక పేరు పెట్టెను. నాటినుండి వైద్య గ్రంథములలో అది ఆ పేరుననే చెప్పబడుచున్నది. పడమటి దేశములలోను ఈ భయము ఉండెడిది. స్విట్జర్లాండు వైద్యుడైన తిస్సో 1760లో అచ్చువేసిన పుస్తకము దానిని ఎంతో పెంచెను. నేటి వైద్యశాస్త్రము చెప్పునదేమనగా, వీర్యము పోవుటవలన శరీర బలము క్షీణింపదు. నిద్రలో అది పోవుట ఎదుగుచున్న మగపిల్లలకు సహజము. వానిని కృశింపజేయునది వీర్యము పోవుట గాదు; వాని భయము, నిద్రలేమి, ఆ నకిలీ మందులు.

లేఖనమేమి చెప్పుచున్నది? లేవీయకాండము 15వ అధ్యాయములో ఇట్టిదానికి స్నానము చేసి సాయంకాలమువరకు ఆగవలెనని విధియున్నదే గాని, దానికొరకు పాపపరిహార బలి తెమ్మని లేదు. కొందరు ఓనాను కథను ఎత్తి చెప్పుదురు. ఆదికాండము 38వ అధ్యాయమును నిదానముగా చదువుడి. ఓనాను చేసిన దోషము, చనిపోయిన అన్నకు సంతానము కలుగజేయవలసిన బాధ్యతను ఎగవేసి, విధవరాలైన తామారును మోసగించుట. అది కుర్రవాని కలలను గూర్చిన కథ గాదు.

సెల్‌ఫోనులో చెడ్డ బొమ్మలు చూచుటను గూర్చి, పరస్త్రీని మనస్సులో వస్తువుగా చేసికొనుటను గూర్చి ఆ కుర్రవానితో మాటలాడవలసినది ఉండవచ్చును. అది మరియొక దినపు మాట. మొదటి దినమున చేయవలసినది, వాని మెడమీదనుండి ఆ అబద్ధపు కాడిని తీసివేయుట. దేవుడు మోపని భారమును దేవుని పేరట మోయించుట ఎంతమాత్రము భక్తి గాదు.

సగము మాటను త్రాడుగా పేనవద్దు

ఇప్పుడు ఒక ఇల్లాలు వచ్చెననుకొందము. భర్త త్రాగి వచ్చి ఆమె ఇష్టమును గాని, ఆరోగ్యమును గాని లెక్కచేయక బలవంతము చేయుచున్నాడు. కాన్పయి నెల తిరుగలేదు. ఆమె వాక్యము తెలిసిన స్త్రీ గనుక, కాదనుట పాపమేమోయని భయపడుచున్నది. ఆమె అత్తగారు, పెద్దలు, ఒక్కొక్కప్పుడు బోధకుడు కూడ చెప్పు మాట ఒక్కటే: “సర్దుకుపో తల్లీ, నీ దేహం మీద ఆయనకు అధికారం ఉంది.”

ఈ మాటకు ఆధారముగా చూపునది కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయము. అయితే అక్కడ పౌలు భార్యకు చెప్పినదానినే ఆ వెంటనే భర్తకును చెప్పెను. ఆమె దేహము ఆయనకు చెందినట్టే ఆయన దేహము ఆమెకు చెందినది. ఎడబాటు విషయములోనైనను ఇద్దరి సమ్మతి ఉండవలెనని అతడు చెప్పెను. ఆ దినములలో భర్త దేహముమీద భార్యకు అధికారమున్నదని చెప్పుట ఎంత గొప్ప సంగతియో ఆలోచించుడి. అట్టి వాక్యములో సగము విడిచి, సగమును త్రాడుగా పేని, ఆ స్త్రీ చేతులు కట్టుట న్యాయమా?

మన దేశపు చట్టము కూడ ఈ బాధను గుర్తించినది. గృహహింస నుండి స్త్రీలను కాపాడుటకు 2005లో చేసిన చట్టము లైంగిక హింసను కూడ హింసగానే లెక్కించుచున్నది. 181 నంబరుకు ఫోనుచేసిన స్త్రీలకు సహాయము దొరకును. ఇది చెప్పుట కాపురమును కూల్చుట గాదు. కూలుచున్నదానిని చూచియు చూడనట్లుండుటయే కూల్చుట.

ఇట్టి సంగతులను స్త్రీతో స్త్రీయే వినుట మేలు. పాస్టరమ్మగారు గాని, బైబిలు స్త్రీ గాని, వయస్సు మళ్లిన నెమ్మదిగల తల్లి గాని కూర్చుండి వినవలెను. సంతానము లేని ఇల్లాలి విషయములోను ఇట్లే చేయవలెను. “గొడ్రాలు” అను మాట మన నోట రాకూడదు. కొదువ భర్తలో ఉండవచ్చును, భార్యలో ఉండవచ్చును, ఇద్దరిలోను ఉండవచ్చును. భర్తకు చేయు పరీక్ష సులువైనది. ఆమెను పది ఆస్పత్రులు త్రిప్పి, అతనిని ఒక్క పరీక్షకు పంపని ఇండ్లు ఎన్ని లేవు?

పెండ్లి మందు గాదు

ఇక అందరికంటె భయముతో వచ్చువాడు ఒకడున్నాడు. ఆడపిల్లలమీద తనకు మనస్సు పోవుట లేదనియు, మగవారిమీదనే పోవుచున్నదనియు అతడు చెప్పును. లేక ఒక యువతి తనకు స్త్రీలమీదనే అట్టి మనస్సున్నదని చెప్పును. అది చెప్పుటకు వారికి ఎన్ని సంవత్సరములు పట్టినదో మనకు తెలియదు. చెప్పిన తరువాత ఉరిత్రాటి వైపు చూచువారును కలరు.

మన పల్లెలలో దీనికి సిద్ధముగానున్న వైద్యము ఒకటే: “పెళ్లి చేసేయండి, అన్నీ సర్దుకుంటాయి.”

ప్రియులారా, ఆ పెండ్లికూతురు ఎవరు? ఆమెయు ఒక తండ్రికి బిడ్డయే. ఆమెకు ఏమియు తెలియదు. భర్త తన్ను ముట్టకపోవుట తన అందవిహీనతవలననేమోయని ఆమె రాత్రులు ఏడ్చును. ఏడాది తిరుగకముందే ఊరంతయు ఆమె కడుపు వైపు చూచును. ఒకరి బాధకు ఆమెను మందుగా నూరి పోసితిమి. ఆమె మందు గాదు; మనిషి. వివాహము పరిశుద్ధమైనదని బోధించు మనమే, దానిని ఇట్టి మోసమునకు వాడవచ్చునా? అందరును వివాహమునకు పిలువబడలేదని మత్తయి సువార్త 19వ అధ్యాయములో ప్రభువే సెలవిచ్చెను గదా. పౌలు ఒంటరి జీవితమును గౌరవించెను గదా. ప్రతివానికిని పెండ్లి చేయవలెనను నియమము మన కులపెద్దలది గాని మన ప్రభువుది గాదు.

కొందరు “ఉపవాస ప్రార్థనతో మార్చివేయుదుము” అందురు. ఇక్కడ మన పొరుగు అనుభవమును వినుట మంచిది. అమెరికాలో 1976లో ఆరంభమైన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అను క్రైస్తవ సంస్థ ఇట్టి మార్పును వాగ్దానము చేయుచు ఎన్నో ఏండ్లు పనిచేసెను. 2013లో దాని నాయకుడైన ఆలన్ చేంబర్స్, తమవలన గాయపడినవారిని బహిరంగముగా క్షమాపణ అడిగెను. సంస్థ మూతపడెను. వారు ప్రార్థన తెలియనివారు గారు. నెరవేర్చలేని వాగ్దానమును దేవుని పేరట చేసిరి. మార్పు రానివాడు తన విశ్వాసమే చాలదని క్రుంగిపోయెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీనిని రోగముల పట్టికనుండి తీసివేసెను. సమ్మతిగల పెద్దవారి మధ్య ఇది నేరము గాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పెను. ఇట్టివారిని మార్చుదుమని చేయు చికిత్స వృత్తి దోషమని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించెను. దానికి దారి తీసిన తీర్పు 2021లో మద్రాసు హైకోర్టులో వచ్చినది. ఇంటివారికి భయపడి పారిపోయి వచ్చిన ఇద్దరు యువతుల వ్యాజ్యమది. న్యాయమూర్తి ఆనంద్ వెంకటేష్ గారు, ఈ సంగతిలో తనకు తగిన అవగాహన లేదని ఒప్పుకొని, తీర్పు వ్రాయకముందు ఒక మనస్తత్వ నిపుణురాలి యొద్ద కూర్చుండి నేర్చుకొనిరి. తీర్పు తీర్చుటకే నియమింపబడిన న్యాయమూర్తి మొదట వినుటకు కూర్చుండగా, తీర్పు తీర్చవద్దని ప్రభువు చేత చెప్పబడిన మనము ఎంత ఎక్కువగా వినవలెను!

ఈ విషయమును గూర్చి లేఖనములు బోధించునదేమో క్రైస్తవ సంఘములన్నియు ఒకే మాట చెప్పుట లేదు. వివాహము స్త్రీపురుషుల మధ్యనేయని అనేక సంఘములు నమ్మి బోధించుచున్నవి. మరికొన్ని వేరుగా గ్రహించినవి. ఈ వ్యాసము ఆ వాదమును తీర్చుటకు వ్రాసినది గాదు. ఏ పక్షమువారైనను చేయరానివి మూడున్నవి. నెరవేర్చలేని మార్పును వాగ్దానము చేయరాదు. తెలియని పిల్ల గొంతు కోయు పెండ్లి చేయరాదు. బిడ్డను కొట్టి ఇల్లు వెడలగొట్టరాదు. ఆలోచన చెప్పువాడు తన నమ్మకమును దాచనక్కరలేదు. అడిగినయెడల సూటిగా చెప్పవచ్చును. అయితే ఆ నమ్మకముతోపాటు, “నీవు ఏమి నిర్ణయించుకొన్నను ఈ గడప నీకు మూయబడదు” అని కూడ చెప్పగలవాడై యుండవలెను.

రహస్యము వేరు, కప్పిపుచ్చుట వేరు

“ఇట్లు వినుచు పోయినయెడల పాపమును కప్పినట్లు గాదా?” అని ఒక సహోదరుడు అడుగవచ్చును. మంచి ప్రశ్నయే.

నాతాను ప్రవక్త దావీదు యొద్దకు వెళ్లినప్పుడు మెత్తగా ఓదార్చి రాలేదు. ఏలయనగా అక్కడ బలవంతుడు బలహీనుని దోచుకొనెను. ఊరియా ప్రాణము పోయినది. రాజుగారి పరువుకొరకు నాతాను నోరు మూసికొనలేదు. మనకును ఇదే కొలత. తన్ను తాను నిందించుకొనుచు వచ్చినవాని సిగ్గును మనము దాచవలెను. ఇతరులను పాడుచేయుచున్నవాని దుష్టత్వమును దాచరాదు.

పదునెనిమిదేండ్లలోపు బిడ్డమీద ఎవరైనను అట్టి అఘాయిత్యము చేసిరని తెలిసినయెడల, దానిని పోలీసులకు తెలుపవలెనని 2012లో వచ్చిన పోక్సో చట్టము ప్రతివానికిని విధించినది. తెలుపకపోవుట శిక్షార్హము. దీనిలో పాస్టరుకు గాని, సంఘ పెద్దకు గాని మినహాయింపు లేదు. చేసినవాడు సండేస్కూలు పంతులైనను, చందా ఎక్కువ వేయు పెద్దమనిషియైనను, “పెద్దల మధ్య సర్దుబాటు చేసితిమి” అనుట చెల్లదు. 1098కు ఫోనుచేయుట పల్లెలోని ఎవరికైనను సాధ్యమే. సంఘము పరువు పోవునని బిడ్డను బలియిచ్చిన సంఘమునకు మిగులు పరువేమి?

అయితే మిగిలిన రహస్యములను రహస్యముగానే ఉంచవలెను. ఇక్కడ మన సంఘములలో ఒక భక్తిగల చెడు అలవాటున్నది. “ఫలాని వారబ్బాయి గురించి ప్రార్థన చేయండమ్మా” అని ఒకరు ఒకరి చెవిలో వేయుదురు; సాయంకాలమునకు బోరింగు దగ్గర అది కథయగును. ప్రార్థన మనవి అని పేరు పెట్టినంతమాత్రమున కొండెము పరిశుద్ధము గాదు. చెప్పినవాని అనుమతి లేనిది అతని సంగతి ప్రసంగములో పేరు లేకుండ కూడ ఎత్తరాదు. పల్లెలో పేరు చెప్పనక్కరలేదు, ఆనవాలు చాలును.

మన చేయి అందనిచోట

ప్రార్థించువాడు వైద్యుని యొద్దకు పంపుట అవిశ్వాసము గాదు. పౌలుతో కూడ నడచిన లూకా వైద్యుడే. తిమోతి కడుపు నొప్పికి పౌలు ప్రార్థించి ఊరకుండక, ఉపాయము కూడ వ్రాసి పంపెను. నిద్రలేక, తిండిలేక, చావు మాటలాడుచున్నవానిని మనము ఒక్కరమే మోయరాదు. 2022లో ప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరున ఫోనుచేసినయెడల తెలుగులోనే, డబ్బు లేకుండ మాటలాడుదురు. ఆ నంబరును మందిరపు గోడమీద ఆరాధన వేళల ప్రక్కన వ్రాసి పెట్టుడి. చూచుకొనవలసినవాడు ఎవరును ఎరుగకుండ చూచుకొనును. అయితే పంపిన తరువాత చేయి విడువవద్దు. బస్సెక్కించి రండి, వారము తరువాత కుశలమడుగుడి.

చివరగా మరల హన్నాను చూడుడి. ఏలీ దీవెన విని ఆమె వెళ్లి భోజనము చేసెను. ఆమె ముఖము మునుపటివలె దిగాలుగా లేదు. అప్పటికి సమూయేలు పుట్టలేదు. గర్భమైనను నిలువలేదు. ఇంటిలో పెనిన్నా నాలుక మారలేదు. మారినది ఒక్కటే: మొదట అపార్థము చేసికొన్న మనిషి ఆమె మాట విని, సమాధానముతో వెళ్లుమనెను. అన్నము సహింపని మనిషికి ఆ పూట అన్నము సహించినది.

బిడ్డనిచ్చుట దేవుని పని. మార్చుట, బాగుచేయుట, క్షమించుట దేవుని పని. ఏలీకి మిగిలినది చాల చిన్న పని. మనకును అదే మిగిలియున్నది. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత వరండాలో ఎవరైనను చెప్పులు వెదకుచు ఆలస్యము చేసినయెడల, తొందరపడి తాళము వేయకుడి. ప్రక్కన కూర్చుండుడి.